ఫ్లోరాదేవి విగ్రహము: కర్తృత్వ విమర్శ

బెర్లిన్ నగరమున, స్ప్రే నది పాయల నడుమనున్న మ్యూజియముల ద్వీపముపై, బోడె మ్యూజియమునందు ఒక స్త్రీమూర్తి ఊర్ధ్వకాయ విగ్రహము కలదు. దాని ఎత్తు ఇంచుమించు 67 సెంటీమీటర్లు. తల కొంచెము వంగి ప్రక్కకు తిరిగియున్నది. కనురెప్పలు వాలియున్నవి. పెదవులపై లేతనవ్వు, కేశములయందు పూలు, నగ్నమైన వక్షము, దానిని పట్టీ పట్టక చుట్టుకొనిన ఒక నీలి వస్త్రము. చేతులు విరిగిపోయినవి. తొలిచూపున పాతబడిన దంతమో, పొగచూరిన చలువరాయియో అని తోచును. కాని అది మైనము. రోమనుల పుష్పాధిదేవతయైన ఫ్లోరా మూర్తియని దానికి ప్రసిద్ధి.

ఈ విగ్రహమును లియొనార్డో డా వించి నిర్మించెనని ఒక పక్షమువారును, 1846వ సంవత్సరమున ఇంగ్లండు శిల్పి రిచర్డ్ కాకుల్ లూకాస్ చేసెనని మరియొక పక్షమువారును శతాబ్దమునకు మించి వాదించిరి. ఇప్పటికి రెండవ పక్షమే నిలిచినది. నిలిచినను ఆ వాదమునందలి చిక్కులు ఆ యొక్క విగ్రహముతో తీరునవి కావు. ఒక కృతికి కర్త పేరు మారినంతనే దాని సౌందర్యము మారునా? చూపును నమ్మవలెనా, పత్రమును నమ్మవలెనా? ప్రాచీన కృతులను పరిష్కరించు పండితులందరకును ఎప్పుడో యొకప్పుడు ఎదురగు ప్రశ్నలే యివి.

మొదట దేవతను గూర్చి. ఫ్లోరా రోమనుల పాతకాలపు దేవతలలో ఒకతె. పైరు పూతకు, తోటల పూతకు, ద్రాక్షతీగల పూతకు ఆమె యధిదేవత. పూత నిలువనిది పంట లేదు గనుక ఆమె అలంకారదేవత కాదు, కర్షకుని దేవత. ఓవిడ్ మహాకవి తన 'ఫాస్తి' యను పంచాంగకావ్యమున అయిదవ భాగమునందు ఆమె కథను ఆమె నోటనే చెప్పించెను. తొలుత క్లోరిస్ అను వనదేవతగా నుండిన యామెను పడమటిగాలియగు జెఫిరస్ చేపట్టి పూలకు రాణిని గావించెనని ఆ కథ. రోమునగరమున ఆమె గౌరవార్థము ఏప్రిలు 28 మొదలు మే 3 వరకు ఫ్లోరాలియా యను ఉత్సవములు జరుగుచుండెడివి. ఆ ఉత్సవములలో ఆటపాటలు హద్దు మీరుటయు కలదు. అందువలన క్రైస్తవ రచయితయగు లాక్టాన్షియస్, ఫ్లోరా దేవతయే కాదనియు, కూడబెట్టిన ధనమును నగరప్రజలకు విడిచి చనిపోయిన ఒక వేశ్య యనియు పరిహసించెను.

ఇటలీ పునరుజ్జీవనయుగమునకు ఈ రెండు కథలును చేరినవి. బొత్తిచెల్లి 1480 ప్రాంతమున చిత్రించిన 'ప్రిమవేరా'లో ఫ్లోరా పూలవస్త్రము ధరించి, ఒడినిండ పూలు నింపుకొని నడచివచ్చు వసంతలక్ష్మి. టిషియన్ కొన్ని దశాబ్దముల పిమ్మట చిత్రించిన ఫ్లోరా భుజమునుండి లోవస్త్రము జారుచుండ, పిడికెడు పూలు అందించు సుందరి. ఆమె దేవతయో, వధువో, వారకాంతయో నేటికిని పండితులు తేల్చలేదు. లియొనార్డో శిష్యవర్గమువారికి ఈ వస్తువు మిక్కిలి ఇష్టము. అతని ప్రియశిష్యుడు ఫ్రాంచెస్కో మెల్త్సీ చిత్రించిన ఫ్లోరా పటము సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున హెర్మిటేజ్ మ్యూజియమునందున్నది. అందును ఒక వక్షము నగ్నము, వాలుచూపు, మందహాసము. బెర్లిన్ విగ్రహము ఏ చిత్రకుటుంబమునకు చెందినదో ఈ పటములను చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. చిక్కు కుటుంబమును గుర్తించుటలో లేదు. ఆ కుటుంబమున ఈ విగ్రహము బిడ్డయా, మునిమనుమరాలా యను దానిలోనే యున్నది.

1909లో ఈ విగ్రహమును లండనునందు ఒక కళావస్తువుల వర్తకునివద్ద కొనినవాడు విల్హెల్మ్ ఫన్ బోడె. ప్రష్యా రాజకీయ మ్యూజియములకు అతడు అప్పటి సర్వాధికారి. 1904లో తెరవబడిన కైజర్ ఫ్రీడ్రిక్ మ్యూజియము ఆతని సృష్టియే. చిత్రములను, శిల్పములను, నాటి సామగ్రిని ఒక్కచోట కూర్చి ఒక యుగమును కన్నులకు కట్టునట్లు చూపు పద్ధతిని నెలకొల్పినవారిలో అతడు అగ్రగణ్యుడు. ఇటలీ శిల్పమున ఆతని మాటకు ఐరోపా అంతటను ఎదురు లేదు. అట్టివాడు లక్షన్నర బంగారు మార్కులకు మించిన మూల్యమిచ్చి, ఇది లియొనార్డో చేతిపని యని ప్రకటించెను.

ఆ ప్రకటన వెనుక ఒక చిరకాలపు వెలితి కలదు. లియొనార్డో శిల్పి యని అందరును ఎరుగుదురు. వెరోకియో శిల్పశాలలో అతడు పని నేర్చెను. మిలాన్ ప్రభువులగు స్ఫోర్జాలకొరకు మహాశ్వమును మట్టితో నిలిపెను. 1499లో ఫ్రెంచి సైన్యము మిలాన్ పట్టినపుడు విలుకాండ్రు ఆ మట్టిగుఱ్ఱమును గురిగా చేసికొని కొట్టిరట. కంచుపోత జరుగకయే పోయినది. ఇంతకును లియొనార్డోదని అందరును ఏకముగా ఒప్పుకొను శిల్పము ప్రపంచమున ఒక్కటియు మిగులలేదు. ఒక మహాకవి పేరు విందుము, లక్షణగ్రంథములలో పద్యములు చూతుము, కావ్యము మాత్రము దొరకదు. అట్టి కావ్యపు తాళపత్రప్రతి యొకటి చేతికి వచ్చినదన్నచో ఏ పండితుని గుండె కొట్టుకొనదు? బోడె తొందరపడెనని నిందించువారు ఆ ఆకలిని ముందుగా తలచుకొనవలెను.

విగ్రహము బెర్లిన్ చేరి కొన్ని నెలలైన గడువకముందే ఇంగ్లండునుండి ఎదురుదెబ్బ తగిలినది. సౌతాంప్టన్ పట్టణమున వేలములు నడపు ఒక పెద్దమనిషి, ఆ మూర్తి తాను ఎరిగినదేననియు, దానిని చేసినది రిచర్డ్ కాకుల్ లూకాస్ అనియు 1909 అక్టోబరులో పత్రికలకెక్కించెను. లూకాస్ 1883లోనే మరణించెను. కాని ఆతని కుమారుడు ఆల్బర్ట్ డ్యూరర్ లూకాస్ అప్పటికి ఎనుబదియొక యేండ్ల వృద్ధుడై జీవించియుండెను. (కొడుకునకు ఆ పేరు పెట్టుటలోనే తండ్రికి ప్రాచీన చిత్రకారులయందు గల భక్తి యెట్టిదో తెలియుచున్నది.) లియొనార్డోదని ఆ రోజులలో తలపబడిన ఫ్లోరా పటమొకదానినిబట్టి 1846లో తన తండ్రి ఈ విగ్రహము చేసెననియు, ఆ పనిలో తానును చేయి సాయమిచ్చితిననియు అతడు ప్రమాణపూర్వకముగా చెప్పెను. అంతటితో ఆగక, కొవ్వొత్తుల తుండ్లు కరగించి పోసితిమనియు, లోపలి గుల్లను పాతగుడ్డలు మొదలగువానితో కూరితిమనియు గుర్తులు చెప్పెను. బెర్లిన్ మ్యూజియమువారు విగ్రహపు అడుగు విప్పి చూచిరి. లోపల బొంతగుడ్డ ముక్కలు, కొయ్యముక్కలు, వానితోపాటు 1840ల నాటి ఒక జాబును బయల్పడినవి.

ఇంతటితో వ్యాజ్యము తీరవలసినది. తీరలేదు. లూకాస్ దానిని మరమ్మతు మాత్రమే చేసెననియు, పాత విగ్రహము శిథిలమైయుండ గుడ్డలు కూరి నిలిపెననియు బోడె బదులు చెప్పెను. తర్కమున ఈ సమాధానమునకు చోటు లేకపోలేదు. గుడ్డ ఎప్పుడు కూరబడినదో జాబు చెప్పునుగాని, మైనము ఎప్పుడు పోయబడినదో చెప్పజాలదు. బోడె ఇంకొక అడుగు ముందుకు వేసి, లూకాస్ చేసిన ఇతరములైన మైనపు పనులను తెప్పించి ఫ్లోరా సరసన ప్రదర్శించెను. ఇంత చక్కనిమూర్తి అంత సామాన్యుని చేతినుండి వచ్చునా, మీరే చూడుడని అతని యభిప్రాయము. చూచినవారిలో కొందరు ఒప్పుకొనిరి. మరికొందరు, లూకాస్‌కు మైనముతో పనిచేయుట నిత్యకృత్యమని ఈ ప్రదర్శనయే నిరూపించినదని నవ్విరి. రెండు మూడేండ్లలో ఐరోపా పత్రికలయందు ఈ విషయమై 700కు పైగా వ్యాసములు వెలువడినవని చెప్పుదురు. అందులో విగ్రహమును గూర్చినవి కొన్ని. ప్రష్యా గర్వమును, ఇంగ్లండు ఎకసక్కెమును గూర్చినవే పెక్కు. వానిని విడిచిపెట్టవచ్చును.

తెలుగు పాఠకులకు ఈ విధమైన వాదము క్రొత్త కాదు. క్రీడాభిరామమునందు వినుకొండ వల్లభరాయని పేరు కనబడుచుండగా, శైలినిబట్టి అది శ్రీనాథుని కృతియే యని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించెను. ఒక పలుకుబడి, ఒక పద్యపు నడక, ఒక చమత్కారము, వీనియందు మహాకవి ముద్ర కనబడిన తరువాత గద్యలోని పేరు చిన్నదైపోవును. చదివి చదివి చెవి పండినవారికే యిట్టి సాహసము కలుగును. బోడె కన్నును అట్లు పండినదే. ఇట్టి నిర్ణయములు ఒక్కొక్కప్పుడు నిజమును పట్టియిచ్చును. పత్రములు మూగవైనచోట వానికి సాటి వేరొకటి లేదు. ఫ్లోరా విషయమున పత్రములు మూగవి కావు, ఎలుగెత్తి పలికినవి. అప్పుడైనను కన్ను తన మాటను మరల తూచుకొనవలసియుండెను. బోడె తూచుకొనలేదు. 1929లో మరణించువరకును తన మాటనే నిలుపుకొనెను.

ఆ కన్ను చూచినదేమి, చూడనిదేమి యని ఇక విచారింపవలెను. మొదట పదార్థమును గూర్చి ఒక మాట. మైనపు విగ్రహమనగానే అది పునరుజ్జీవనయుగమునకు చెందదని తలచుట తప్పు. ఫ్లారెన్సు నగరమున సాంతిస్సిమా అనున్సియాతా దేవాలయము మ్రొక్కుబడి మైనపుబొమ్మలతో నిండియుండెడిది. 1478లో పాత్సీల కుట్రలో గాయపడి బ్రదికిన లోరెంజో దె మెదీచి పక్షమున అతని బంధుమిత్రులు మనిషియెత్తు మైనపు ప్రతిమలు చేయించిరనియు, ఒర్సీనో అను మైనపుపనివాడు వెరోకియో తోడ్పాటుతో వానిని నిర్మించెననియు వసారి వ్రాసెను. లియొనార్డో ఆ వెరోకియో శిష్యుడు. కావున బోడె ఊహకు చారిత్రకమైన ఆధారమున్నది. ఆ బొమ్మలన్నియు నశించినవి. మైనము ఎండకు కరగును, చలికి బీటలు వారును, ధూళిని పట్టుకొని విడువదు. నశించినవాని స్థానమున ఒకటి దొరకినదను ఆశ సహజమే.

అయితే పోల్చవలసినది నశించిన మైనపుబొమ్మలతో కాదు, మిగిలిన చలువరాతి మూర్తులతో. వెరోకియో 1475 ప్రాంతమున చెక్కిన 'పూలగుత్తి పట్టిన స్త్రీ' ఫ్లారెన్సున బర్జెల్లో మ్యూజియమునందున్నది. ఊర్ధ్వకాయ విగ్రహమును అంతవరకు భుజములకడనే నరికి నిలుపుచుండెడివారు. వెరోకియో నడుము వరకు తెచ్చి, చేతులను గూడ చేర్చి, ఒక చేతితో పూలగుత్తిని రొమ్మునకు హత్తించెను. సన్నని వస్త్రపు మడతల క్రింద ఊపిరి తెలియును. ఆమె నవ్వదు. పెదవులు మూసియున్నవి. చూపు ఎదుటివానిని దాటి పోవును. ఎదుట నిలుచున్నవాడు ఆమెకు అక్కరలేదు. ఆ స్త్రీ తన యింట తాను నిలిచియున్నది.

ఫ్లోరా అట్లు కాదు. ఆమె నవ్వు ఎదుటివానికొరకైనది. వాలిన రెప్పలు, వంగిన మెడ, తొలగిన వస్త్రము, అన్నియు చూచువాడొకడు కలడని ఎరిగినట్లుండును. దొనాతెల్లో, వెరోకియోల మూర్తులయందు లేని యొక మెత్తదనము, నిమిరినట్లున్న నునుపు ఇందు కలవు. మైనము మెత్తనిది గనుక నునుపు రాక తప్పదందురేమో. కాని నునుపు వేరు, మెత్తదనము వేరు. వెరోకియో రాతిలోనే చర్మపు మార్దవమును సాధించెను. దాని యడుగున ఎముక యున్నదను నమ్మకమును గూడ కలిగించెను. ఫ్లోరా చెక్కిళ్ల క్రింద ఎముక కలదని నమ్ముట కష్టము. మనుష్యుల శవములను కోసి, కండరముల వరుసను, ఎముకల అతుకులను రేఖలలో దింపిన లియొనార్డోకు ఈ లోపము చెల్లునా? బోడె ప్రతిపక్షులు కొవ్వొత్తులను లెక్కించుటలో మునిగి, ఈ ప్రశ్నను గట్టిగా అడుగకపోవుట విచారకరము.

ఆ నవ్వును గూర్చియు ఆలోచింపవలెను. లియొనార్డో నవ్వు అని లోకము చెప్పుకొనునది చాలవరకు అతని శిష్యుల నవ్వు. గురువు పటములలో నవ్వు పెదవి కొనయందు పుట్టి చెక్కిలి నీడలో అణగిపోవును. అది నవ్వో కాదో నిశ్చయింపనీయదు. లువీనీ మొదలగువారు ఆ సందేహమును తీసివేసి మాధుర్యమును మాత్రము మిగిల్చిరి. లండను నేషనల్ గ్యాలరీకి 1831లో ఒక దాత విడిచిన 'పండితుల నడుమ క్రీస్తు' పటమును లియొనార్డోదనియే ఆ కాలమువారు నమ్మిరి. అది లువీనీ పటమని తరువాత తేలినది. 1846లో ఇంగ్లండునందలి ఒక శిల్పి లియొనార్డో యనిన ఏమని యెరుగునో దీనివలన ఊహింపవచ్చును. అతడెరిగినది శిష్యుల చక్కెరపాకము. వాల్టర్ పేటర్ 1869లో వ్రాసిన ప్రసిద్ధవ్యాసము ఆ నవ్వుచుట్టు ఒక మంత్రలోకమునే అల్లినది. ఆ లోకమున పెరిగిన తరమువారికి ఫ్లోరా ముఖము లియొనార్డోకంటెను ఎక్కువ లియొనార్డోగా కనబడుటలో ఆశ్చర్యమేమున్నది? ప్రతి యుగమును ప్రాచీనులను తన రుచినిబట్టియే చూచును. ఆ రుచికి అచ్చముగా సరిపడు ప్రాచీనవస్తువు ఎదురైనపుడు అనుమానింపవలెను.

ఇట్టి దెబ్బ తినినది బెర్లిన్ ఒక్కటే కాదు. పారిస్‌లోని లూవ్రు మ్యూజియము 1866లో కవి బెనివియెని మట్టివిగ్రహమును పునరుజ్జీవనయుగపుదని కొని గర్వించినది. మరుసటి యేడే అది జీవించియున్న ఫ్లారెన్సు శిల్పి జొవాన్ని బాస్తియానీనీ పని యని బయటపడినది. అందు వర్తకుని చేతివాటము కలదు. ఫ్లోరా విషయము వేరు. లూకాస్ దీనిని లియొనార్డో శిల్పమని అమ్ముకొని లాభము పొందినట్లు ఎవరును చూపలేదు. అతడు చేసినది ఒక పటమును మూర్తిగా మార్చుట. అరువది యేండ్లకు పైబడిన పిమ్మట చేతులు మారి, ఊరు పేరు పోయి, మైనము వన్నె మారిన తరువాత ఆ మూర్తికి గొప్పకర్తను వెదకిపెట్టినవారు పండితులు. ఇందు కపటనాటకమును వెదకువారు ఊరక శ్రమపడుచున్నారు.

బోడె వాదములో అందరును కొట్టిపారవేసినదే మిక్కిలి విలువైనది. లూకాస్ ఇతరశిల్పములు ఫ్లోరాకు సాటి రావని అతడనెను. అది నిజము. లిచ్‌ఫీల్డునందలి జాన్సన్ పండితుని విగ్రహము, సౌతాంప్టనునందలి ఐజాక్ వాట్స్ విగ్రహము లూకాస్‌కు పేరు తెచ్చినవి. అవి గౌరవనీయములైన పనులేగాని, చూచినవాని మనస్సున నాటవు. అట్టివాని చేతినుండి ఫ్లోరా ఎట్లు వచ్చినది? సమాధానము అల్బర్ట్ డ్యూరర్ లూకాస్ ప్రమాణములోనే యున్నది. ఫ్లోరా లూకాస్ కల్పన కాదు, ఒక పటమునకు రూపాంతరము. తల వంపు, చూపు వాలు, వస్త్రపు తీరు, పూల కూర్పు, ఇవన్నియు లియొనార్డో వర్గమువారి కల్పనలు. లూకాస్ వానిని మైనమున దింపెను. సొంతముగా కల్పించినపుడు సామాన్యుడైనవాడు ఒరవడి చేతికిచ్చినపుడు అసామాన్యుడగుట కలదు. పార్థినాను దేవాలయపు నమూనాలను అతడు రెండు విధముల నిర్మింపగా బ్రిటిష్ మ్యూజియమువారు వానిని ప్రదర్శించిరి. ఇతరుల కల్పనను ఓపికతో, భక్తితో, కొలత తప్పక మరల కట్టుట ఆతని నిజమైన ప్రతిభ.

కావున బోడె కన్ను పూర్తిగా పొరబడలేదు. అది చూచినది కల్పనను, అందులో లియొనార్డో వర్గమును సరిగనే పట్టినది. కల్పన యెవరిదో చేయియు వారిదే యని ముడివేయుటలో తప్పినది. శ్రీహర్షుని నైషధమును శ్రీనాథుడు తెనిగించినపుడు, నీ డుమువులు నీవు తీసికొని మా నైషధమును మాకిమ్మని సంస్కృతపండితులు ఎత్తిపొడిచిరను కథ తెలుగునాట ప్రసిద్ధము. డుమువులలోనే కవి యున్నాడని ఆ పండితులు గ్రహింపలేదు. బోడె అందుకు తలక్రిందుగా చేసెను. నైషధమును గుర్తించెను, డుమువులను చూడనే లేదు. ఆ డుమువులే ఫ్లోరా చెక్కిళ్ల అతిమెత్తదనము, నవ్వులోని చక్కెర, ఎముక లేని నునుపు. అవి పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండు ప్రత్యయములు. శ్రీనాథుని డుమువులతో లూకాస్ డుమువులకు సాటి కాదు, నిజమే. అయినను చేయి యెవరిదో తెలియవలెనన్నచో చూడవలసిన తావు అదియే.

చివరకు ఈ వాదమును ముగించినది రసాయనశాస్త్రము. ఫ్లోరా మైనములో తేనెమైనముతోపాటు స్పెర్మసెటి యను పదార్థము కలదు. అది ఒక జాతి తిమింగలపు తలనుండి తీయబడు తెల్లని మైనము. పదునెనిమిదవ, పందొమ్మిదవ శతాబ్దములలో తిమింగలములవేట ముమ్మరమైనపుడు దానితో మేలురకపు కొవ్వొత్తులు చేయుచుండెడివారు. కొవ్వొత్తులు కరగించితిమన్న వృద్ధుని మాటకు ఇది చక్కగా అతుకును. కాని కాలనిర్ణయము సులభముగా తేలలేదు. జీవులు బ్రదికినంతకాలము తమ శరీరమున గ్రహించు కర్బనము-14 అను పదార్థము, అవి చచ్చిన పిమ్మట క్రమముగా తరుగుచుండును. ఆ తరుగునుబట్టి వయస్సు లెక్కింతురు. సముద్రజలమునందలి కర్బనమో, అప్పటికే పాతబడినది. దానిని ఆహారముద్వారా గ్రహించిన తిమింగలము చచ్చిననాటికే కొన్ని వందల యేండ్ల వయస్సు కలదానివలె కనబడును. అందువలన సవరణ లేక లెక్కించినచో పందొమ్మిదవ శతాబ్దపు మైనము పునరుజ్జీవనయుగము వంకకు జరిగిపోవును. బోడె జీవించియుండి ఆ లెక్కను చూచినయెడల విజయము తనదే యని పొంగియుండెడివాడు!

ఈ కిటుకును గమనించి, తేనెమైనము పాలెంత, తిమింగలపు మైనము పాలెంత యని విడదీసి, లూకాస్ చేతిపని యని నిశ్చయముగా తెలిసిన ఇతర మైనపుపనులతో సరిపోల్చి, శాస్త్రజ్ఞురాలు ఈనా రైష్ మొదలగువారు 2021లో తమ పరిశోధనను ప్రకటించిరి. 1704కు ముందు ఆ మైనము పుట్టియుండదని వారి లెక్క. లియొనార్డో 1519లోనే చనిపోయెను. మరమ్మతు వాదమునకు ఇక తావు లేదు. ఏలయన, ఇక్కడ పరీక్షింపబడినది లోపలి గుడ్డ కాదు, విగ్రహపు మైనమే.

లియొనార్డో పేరు తొలగిన పిమ్మట ఫ్లోరాను చూచుట ఎట్లు? ఇంతవరకు జరిగిన విమర్శ రెండే విధములు. లియొనార్డోదని నమ్మినవారు దానిని దివ్యమనిరి. కాదని తెలిసినవారు హాస్యమునకు విడిచిరి. లూకాస్ కృతిగా దానిని చదివినవారు అరుదు. అట్లు చదువుటకు ఇప్పుడే అదను. చలువరాతికంటె మైనమునకు ఎక్కువగా గల గుణమొకటి కలదు. కాంతి దాని పైపొరలో కొంచెము దిగి వెలికి వచ్చును. రాయి కాంతిని ఎక్కువగా వెనుకకు కొట్టును, మైనము త్రాగి నిలుపును. పటమునందు రంగు పొరలపై పొరలుగా పూసి సాధించు నీడల కలయికకు దగ్గరగా రాగల శిల్పద్రవ్యము ఏదన్న అది మైనమే. పటములోని మూర్తిని శిల్పమున దింపబూనినవాడు మైనము నెన్నుకొనుట తెలివియైన పని. లూకాస్ మైనమును చౌక యని తీసికొనెనో, ఈ గుణమెరిగి తీసికొనెనో గాని, ఆ యెన్నికవలననే చెక్కిలి, మెడ కలియుచోట నీడ గీతవలె కాక పొగవలె వ్యాపించినది. విగ్రహమునందు ఎన్నదగిన భాగము అదియే. నవ్వును విడిచి ఆ మెడయొద్ద చూపు నిలిపినవారికి లూకాస్ సామాన్యుడని తోచదు.

వక్షమును గూర్చి మాత్రము అంత మంచిమాట చెప్పుటకు వీలు లేదు. ఫ్లోరా పటములలో వస్త్రము తొలగుటకు ఒక అర్థమున్నది. ఆమె ఒకవైపున పూతకు, సంతానమునకు దేవత; ఇంకొకవైపున లాక్టాన్షియస్ కథలోని వేశ్య. తొలగిన వస్త్రము ఆ రెండింటి నడిమి సరిహద్దు. చేతిలోని పూవు ఆ సరిహద్దున నిలిచి అర్థము చెప్పును. బెర్లిన్ విగ్రహమునకు చేతులు లేవు. చేతులు లేనందున మిగిలినది నగ్నత, నవ్వు మాత్రమే. పూలు తలపైనుండి ఎంత చెప్పినను అది అలంకారపు మాటగనే వినబడును. ఓవిడ్ కర్షకదేవత ఇందు కనబడదు.

ఈ విగ్రహపు అదృష్టమును గూర్చి మ్యూజియము చరిత్రకారులు తలచుకొనుచుందురు. 1945లో యుద్ధము ముగియు రోజులలో, ఆ మ్యూజియమునుండి భద్రతకొరకు తరలింపబడిన చిత్రములు, శిల్పములు బెర్లిన్‌లోని ఫ్రీడ్రిక్స్‌హైన్ కోటలో అగ్నికి ఆహుతియైనవి. కరవాజియో పటములు కాలిపోయినవి. దొనాతెల్లో కాలపు ఫ్లారెన్సు శిల్పములు పెక్కు పగిలి, మాడి, మాయమైనవి. ఎవరును శంకింపని కృతులు అట్లు నశింపగా, నిప్పు సెగకు మొట్టమొదట కరగవలసిన మైనపు ఫ్లోరా నిలిచినది. 1956లో ఆ భవనమునకు బోడె మ్యూజియమని నూతననామము పెట్టిరి. కొనిన నాటినుండి ఆయన మాటను కాదనుచు వచ్చిన విగ్రహము నేడు ఆయన పేరుగల యింటనే, కర్త పేరుకు ఎదురుగ ప్రశ్నార్థకముతో చాలకాలము గడపి, ఇంగ్లండు వంకకు మొగ్గి కూర్చున్నది.